మనోదశయు గ్రంథవరణమును

ఆలంకారికులు కావ్యమునకు లక్షణము చెప్పిరి; కవికి శిక్ష చెప్పిరి; సహృదయుఁ డెట్టివాఁడో నిర్ణయించిరి. సహృదయుఁడు కావ్యమును జేతఁబట్టిన పిమ్మట జరుగు వ్యాపారమంతయు వారివలన మనకుఁ దెలిసినది. చేతఁబట్టుటకు ముందు జరుగు వ్యాపార మింకొకటి గలదు. ఒక గ్రంథము ముగిసినది. రెండవది యింకను దెఱవఁబడలేదు. పఠిత యరలయెదుట నిలువఁబడి యున్నాఁడు. ఇప్పు డేది చదువవలెను? ఈ ప్రశ్న చూపునకు స్వల్పముగాఁ గనఁబడును. కాని బడిలోఁ జదువు చెప్పువారియొద్దకుఁ బ్రతిదినమును వచ్చు ప్రశ్న యిదియే. దీనికి మనలోఁ గొందఱు, నీ మనస్సున కేది తోఁచిన నది చదువుమని యుత్తర మిచ్చుచున్నారు. మఱికొందఱు, నీ మనస్సుతో మాకుఁ బనిలేదు, నియతమైన పాఠము చదువు మనుచున్నారు. ఈ రెండుత్తరములును నసంపూర్ణములని నా యభిప్రాయము. హేతువులను బండితులకు విన్నవించుచున్నాను.

నేను బౌద్ధనగరమున నివసించుచున్నాను. ఉస్మానియా విశ్వవిద్యాలయప్రాంగణమును, తార్నాకయు నిచ్చటికిఁ జేరువ. ఈ వీధులలోని గదులయందు నద్దెకుండి యుద్యోగపరీక్షలకుఁ జదువుకొను యువకు లనేకులు గలరు. సాయంకాలమునఁ బ్రాంగణములోని చెట్లక్రింద నడచుచు వారితో మాటలాడుట నాకు వాడుక. వీరికి గ్రంథముల కొదువ లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయ మున్నది. ఆదివారములయందు ఆబిడ్సు వీధిప్రక్కలఁ బఱచి యమ్మెడి పాతపుస్తకము లున్నవి. చేతిలోని ఫోనునందే వేలకొలఁది గ్రంథము లున్నవి. అంతియకాదు. పఠిత తన మనోదశను దెలిపినచో దానికి సరిపోవు గ్రంథముల పేరులను వరుసగాఁ జూపెడి యంత్రసాధనములును నేఁడు గలవు. విషాదమనియో, ఉల్లాసమనియో, భయమనియో యెదుటనున్న పేరులలో నొకదానిని వ్రేలితోఁ దాఁకినఁ జాలును.

ఈ సమృద్ధి యెల్లకాలము నున్నది కాదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని స్థాపింపఁబడినప్పుడు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకటరంగారావు మున్నగువారు తలపెట్టిన పని పఠితకు మనోదశానుగుణమైన గ్రంథము నిచ్చుట కాదు; తెలుఁగు గ్రంథము నొకదానిని వాని కంటికిఁ గనఁబఱచుట. 1918లో నీ విశ్వవిద్యాలయము వెలసినపుడు బోధనభాష యుర్దూ. అట్టి కాలమున దొరకినదానిని జదివినవారికి వరణమను ప్రశ్నయే పుట్టలేదు. వారొక్క భాగవతమునే సంతోషమునందును, దుఃఖమునందును, జ్వరపడి లేచిన దినమునందును దెఱచిరి. అందువలన వారి కొక లాభము గలిగినది. మనోదశ మాఱినను గ్రంథము మాఱలేదు గాన, ఒక్కొక్క దశయం దొక్కొక్క భాగము వారికి వెలుఁగుచు వచ్చెను. మనకు మనోదశతోఁబాటు గ్రంథమును మాఱుచున్నది. కనుకనే యొక గ్రంథముయొక్క యొక ముఖమును మాత్రమే చూచి దానిని విడిచిపెట్టుచున్నాము.

గ్రంథాలయశాస్త్రమున కాచార్యుఁడైన రంగనాథన్ 1931లోఁ బ్రకటించిన పంచసూత్రములలో, ప్రతి పఠితకుఁ దగిన గ్రంథ ముండుననియు, ప్రతి గ్రంథమునకుఁ దగిన పఠిత యుండుననియుఁ దాత్పర్యముగల సూత్రములు రెండు గలవు. అయినను, ఆయన గ్రంథములను విషయానుసారముగా విభజించెనే కాని పఠితల చిత్తవృత్తులనుబట్టి విభజింపలేదు. అది యుక్తము. విషయము గ్రంథధర్మము, మనోదశ పఠితృధర్మము. పఠితృధర్మమును గ్రంథముమీఁద నారోపించి, ఇది విషాదగ్రంథము, ఇది యుల్లాసగ్రంథము అని చీటి యంటించుట నేఁటి యంత్రములు చేయుచున్న పొరపాటు. ఉత్తరరామచరితము కరుణరసప్రధానమే, కాని సంతోషముగా నున్నవాఁడు దానిని జదివి యానందించును, దుఃఖితుఁడు దానిని జదువలేక మూసివేయును. చీటి యొక్కటియే, ఫలము లిరువురకు రెండు.

ఇఁకఁ బక్షములను విచారింతము. మనస్సునకుఁ దోఁచినదే చదువవలెనను వారి వాద మిట్టిది: ఇష్టములేని పఠనము కంఠములోనే నిలుచును, హృదయమునకు దిగదు, ఆఁకలిలేనివానికిఁ బెట్టిన భోజన మజీర్ణమగును. ఇందు సత్యము గలదు. మన బడులలో వసుచరిత్రమునుండియో, మనుచరిత్రమునుండియో పద్యములను వేసవి మధ్యాహ్నమున బలవంతముగా వల్లె వేయించుటచేత, జీవితమున మఱల నా గ్రంథములను దాఁకనివారిని నే నెఱుఁగుదును. కాని యీ వాదమున నొక లోపము గలదు. పఠిత తన మనోదశను దా నెఱిఁగియున్నాఁడని వీ రనుకొనుచున్నారు. శాకుంతల పంచమాంకమును స్మరింపుఁడు. దుష్యంతుఁడు హంసపదికగానము వినును. ఇష్టజనవియోగ మేదియు లేదని తలఁచుచునే యకారణముగాఁ గలఁతపడును. వాస్తవముగా వియోగము గలదు, శాపవశమున మఱచిపోయెను. ఆ క్షణమున నాతని యెదుట మనోదశల పేరులను వ్రాసి పెట్టినచో నే పేరును దాఁకును? తన దుఃఖమునకుఁ బేరు తెలియనివాఁడు దానికిఁ దగిన గ్రంథము నెట్లు కోరుకొనఁగలఁడు?

నియతపాఠమే చదువవలెనను వారి వాదము వేఱు. భరతముని చెప్పిన స్థాయిభావములు 8, వ్యభిచారిభావములు 33. నిర్వేదము, గ్లాని, శంక, విషాదము, ఔత్సుక్యము ఇవియన్నియు వచ్చి పోవునవి. పోవుదానిని నమ్మి నిలుచుదానిని నిర్ణయింపరాదని వీరి యాశయము. ఇదియు సగమే సత్యము. వ్యభిచారిభావము వచ్చి పోవునదే యైనను, ఉన్నంతకాలము ద్వారమునకడ్డముగా నుండును. దానిని జూడనట్లు నటించు గురువు, తలుపు మూసియున్న యింటిలోనికి మూటలను విసరువానివంటివాఁడు.

ఈ విషయము నాకుఁ బుస్తకములవలనఁ గాక యనుభవమువలనఁ దెలిసినది. నాలుగేండ్ల క్రిందట మా యన్నగారు పరలోకగతులైరి. నాకు సిద్ధాంతకౌముదిని జెప్పినవా రాయనయే. పదునైదు దినములు గడచినపిమ్మట, దుఃఖమునకుఁ దగినది కరుణరసమే కదా యని యుత్తరరామచరితమును దెఱచితిని. దానిని విద్యార్థులకుఁ బెక్కుమాఱులు చెప్పినవాఁడను. అయినను బ్రథమాంకములోని చిత్రదర్శనఘట్టమును దాఁటఁజాలకపోయితిని. లక్ష్మణుఁడు చూపు పటములలో సీతారాములు తమ గడచిన దినములను జూచుకొనుచుండఁగా, నేను మా యింటిలోని దినములనే చూచుచుంటిని. భవభూతిమాట యొక్కటియు నా చెవిని బడలేదు. పుస్తకమును మూసి కౌముదిని దీసితిని. ఒక్కొక్క ధాతువునకు లట్టునందును, లిట్టునందును రూపములు సాధించుచు రాత్రులు గడపితిని. అందు రసము లేదు. అందుచేతనే యది నన్నుఁ గాపాడినది. సూత్రము తరువాత సూత్రము ప్రవర్తించుచుండఁగా మనస్సున కొక నడక దొరకెను. మూఁడు మాసములు గడచిన పిమ్మట మఱల భవభూతిని దెఱవఁగా, నాటకము నాటకముగాఁ గనఁబడెను.

అభినవగుప్తపాదులు రసప్రతీతికి విఘ్నములు 7 చెప్పిరి. వానిలో నొకటి, ప్రేక్షకుఁడు తన సొంత సుఖదుఃఖములకు వశుఁడై యుండుట. తన దుఃఖమున మునిఁగినవాఁడు పరకీయమైన సంవేదనమునందు విశ్రమింపలేఁడని వారి భావము. ఈ విఘ్నమును దొలఁగించుటకే నాట్యమున గీతవాద్యాదు లేర్పడినవని వారు సమాధానము చెప్పిరి. భవభూతి యీ తత్త్వమును దన నాటకమునందే చూపినాఁడు. సప్తమాంకమున వాల్మీకి సీతావృత్తాంతమును నాటకముగాఁ బ్రదర్శింపించును. సభలోని వారందఱు ప్రేక్షకులే. రాముఁడొక్కఁడు మాత్రము ప్రేక్షకుఁడు కాలేఁడు. ఇది నాటకమని లక్ష్మణుఁడు జ్ఞాపకము చేయవలసివచ్చును. కథ తనదే యైనవానికిఁ గథ కథగా నిలువదు. కాఁబట్టి మనోదశతో నన్నివిధములను సమానమైన గ్రంథమును జదువుట గ్రంథమును జదువుట కాదు, అద్దమును జూచుకొనుట.

అట్లయిన దుఃఖితుఁడు దుఃఖకథను జదువనే రాదా? చదువవచ్చును. ఎట్టిది చదువవలెనో మన భారతమే చూపినది. అరణ్యపర్వమునందు ధర్మరాజు జూదమున రాజ్యమును గోలుపోయి, అర్జునుఁడును దూరమై, విచారమున నుండఁగా బృహదశ్వమహర్షి వచ్చెను. తనకంటె భాగ్యహీనుఁడైన రా జెందైనఁ గలఁడా యని ధర్మరాజు ప్రశ్నించెను. ఇది మనోదశ. మహర్షి దీనికి నీతివాక్యములు చెప్పలేదు; హాస్యకథయుఁ జెప్పలేదు; నలోపాఖ్యానము చెప్పెను. మన తెలుఁగున నీ కథ నన్నయభట్టారకుని భాగములోనిదే. నలుఁడును జూదమున రాజ్యము గోలుపోయినవాఁడే. కనుక శ్రోత యాలకించును. కాని కథ శ్రోత నిలిచినచోట నిలువదు. అది స్వయంవరముతో మొదలిడి శ్రోతకుఁ గొంత విశ్రాంతి నిచ్చును, జూదమునకు వచ్చును, అడవికిఁ బోవును, ఋతుపర్ణునివలన నక్షహృదయవిద్య లభించువఱకు నడచును, రాజ్యప్రాప్తితో ముగియును. కథాంతమున బృహదశ్వుఁడు ధర్మరాజునకు నా యక్షహృదయము నుపదేశించెను. అనఁగా నా కథ యోదార్పుతో నాఁగక, యే లోపమువలన దుఃఖము వచ్చెనో యా లోపమును దీర్చు విద్యను గూడ శ్రోత చేతిలో నుంచినది.

మఱల నదే పర్వమునఁ బిదప, సైంధవుఁడు ద్రౌపది నపహరించి పోఁగా, భర్తలు మరలఁ దెచ్చినపిమ్మట మార్కండేయుఁడు ధర్మరాజునకు రామకథను, సావిత్రికథను జెప్పెను. ఇవి యెఱ్ఱాప్రెగ్గడ భాగములోనివి. అపహరణమునకు రామకథ, పతివ్రతాకష్టమునకు సావిత్రి. ఒక్కొక్క కథయు శ్రోత దుఃఖమునకుఁ బొరుగింటిలోఁ బుట్టి, వేఱొక యూరికిఁ బోవునది.

దీనినుండి నేను గ్రహించిన సిద్ధాంత మిది. మీమాంసకులు గ్రంథతాత్పర్యనిర్ణయమునకు నుపక్రమోపసంహారములను లింగముగాఁ జెప్పుదురు. గ్రంథవరణమునకును నవియే లింగములు. పఠితృమనోదశకు సన్నిహితమైన యుపక్రమమును, దానికి దూరమైన యుపసంహారమును గల గ్రంథము వరణీయము. ఉపక్రమము దూరమైనచోఁ బఠిత లోనికిఁ బ్రవేశింపఁడు. ఉపసంహారము గూడ సన్నిహితమైనచోఁ బ్రవేశించినవాఁడు వెలికి రాఁడు. మనోదశ ద్వారమును జూపుటకు సమర్థము. గమ్యమును నిర్ణయించుటకు సమర్థము కాదు.

మన పెద్దల పారాయణసంప్రదాయ మీ సిద్ధాంతమునకు విరుద్ధము కాదు. వానలు లేనప్పుడు విరాటపర్వమును, ఆపదయందు గజేంద్రమోక్షమును, కార్యములు చిక్కుపడినపుడు సుందరకాండమును, కన్యకకు వివాహము తడసినపుడు రుక్మిణీకల్యాణమును బారాయణము చేయుట తెలుఁగుదేశమున నాచారము. వీని ఫలశ్రుతి విచారము నాకిచ్చటఁ బ్రస్తుతము కాదు; వరణక్రమము మాత్రమే ప్రస్తుతము. గజేంద్రుని కథ పట్టువిడువని భయమునఁ బ్రవేశించి విడుదలతో ముగియును. రుక్మిణి కథ కృష్ణుఁడు వచ్చునో రాఁడో యను నాందోళనముతో నడచి కల్యాణముతో ముగియును. సుందరకాండమున హనుమంతుఁడు సీతను గానక నిరాశపడు ఘట్టము గలదు. కాండము మాత్రము సీతావార్తను రామునకు విన్నవించుటతో ముగియును. విరాటపర్వము ధర్మరాజున్నచోట వానలు చక్కఁగాఁ గుఱియునని భీష్ముఁడు చెప్పిన మాటను దనలో నుంచుకొన్నది. పాండవుల యజ్ఞాతవాసము ముగియుటయు నందే. పెద్దలు పేరులు పెట్టలేదు గాని సన్నిహితోపక్రమమును, దూరోపసంహారమును జూచియే వరించిరి.

పరదేశములలోను నిట్టి దృష్టాంతము గలదు. ఆంగ్లతత్త్వవేత్త యగు జాన్ స్టువర్టు మిల్లు 1826లో గొప్ప మనోమాంద్యమునకు లోనయ్యెను. ఆతని స్వీయచరిత్రము 1873లోఁ బ్రకటిత మైనది. అందు నాతఁడు బైరనుకవిని జదివి ప్రయోజనము పొందలేదనియు, ఆ కవి మనఃస్థితి తన మనఃస్థితికి మిక్కిలి సమానమై యుండుటయే కారణమనియుఁ జెప్పికొనెను. 1828లో వర్డ్సువర్తును జదువఁగా నుపశమము గలిగెను. ఆ కవియుఁ దనవలెనే యౌవనానందము తఱిఁగిపోవుట నెఱిఁగినవాఁడనియు, దానికి బదులు వేఱొక యానందమును వెదకి కనుఁగొన్నవాఁడనియు మిల్లు గ్రహించెను. బైరనునందు నుపక్రమము సన్నిహితము, ఉపసంహారమును సన్నిహితమే. వర్డ్సువర్తునందు నుపక్రమము సన్నిహితము, ఉపసంహారము దూరము. ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము లేదు. గ్రంథములతోఁ జికిత్స చేయుట యను నర్థమున బిబ్లియోథెరపీ యను మాటను అమెరికాలో సామ్యూల్ క్రోదర్సు 1916లో నట్లాంటిక్ మంత్లీ పత్రికలోఁ బరిహాసధోరణిని బ్రయోగించెను. పరిహాసముగాఁ బుట్టిన మాట పిమ్మట శాస్త్రపరిభాష యయ్యెను. ఔషధమునకు మోతాదు, పథ్యము, కాలము అని మూఁడు గలవు; గ్రంథమునకు మాత్రము పేరు చెప్పినఁ జాలునని తలఁచుట వైద్యము కాదు.

నేనును నట్టి వైద్యమే యొకసారి చేసితిని. గతవత్సరము మా వీధిలో నద్దెకున్న యొక విద్యార్థి యుద్యోగపరీక్షలో రెండవమాఱు తప్పెను. నాల్గుదినములు గది తలుపు తీయలేదని తోడివారు చెప్పఁగా నేఁ బిలిపించితిని. ధైర్యము చెప్పుటకు మంచి గ్రంథమని యేనుఁగు లక్ష్మణకవి భర్తృహరిసుభాషితముల తెలుఁగుసేఁతను వానిచేతిలోఁ బెట్టితిని. వాఁడు వారము తిరుగకమునుపే దానిని దెచ్చి యిచ్చి, "గురువుగారూ, ఇందున్నదంతయు నిజమే. నిజమైన మాటలను నేను ఫలితములు వచ్చిన దినమునుండి యందఱినోటను వినుచునే యున్నాను" అనెను. నాకు సమాధానము తోఁచలేదు. "నాయనా, అరలలో నీకుఁ గావలసినదానిని నీవే తీసికొనుము" అంటిని. వాఁడు కన్యాశుల్కమును దీసికొనిపోయెను.

అది హాస్యమని, దుఃఖమును మఱచుటకుఁ దీసికొనెనని నేననుకొంటిని. నా యూహ తప్పు. గురజాడ యప్పారావుగారి యా నాటకము 1897లో మొదట వెలువడి, 1909లోఁ బెంచి వ్రాయఁబడినది. దాని యుపక్రమమున నెవరున్నారు? విజయనగరమున నప్పులవారికిఁ దప్పించుకొని తిరుగు గిరీశమును, పరీక్ష తప్పి తండ్రికి మొగము చూప భయపడు వేంకటేశమును. మా విద్యార్థి తిరిగి వచ్చి, "వేంకటేశమును జూచి యెంతయో నవ్వితిని, నవ్వుచుండఁగా వాఁడు నేనే యని తెలిసినది. తరువాత గిరీశపు మాటలు చదువుచుండఁగా భయము వేసినది, నేను మా యింటికి వ్రాసిన జాబులలోని మాటలును నట్టివే" యని చెప్పెను. తప్పిపోయిన పరీక్షనుగూర్చి తాను గల్పించిన సాఁకులను వాఁడు గిరీశమునోట వినినాఁడు. నేను జెప్పఁదలఁచిన నీతి వేయి సుభాషితములలో లేకపోయినది కాదు. వాఁడు వినఁగల స్వరమున లేకపోయినది. వాఁడు నాఁటి సాయంకాలమే యింటికి నిజము వ్రాసెను. పిమ్మట నలోపాఖ్యానమును దానే యడిగి తీసికొనెను.

నా తప్పును వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న, నేను వానికి ధాతువును జూపక సిద్ధరూపమును మాత్రము చేతికిచ్చితిని. సుభాషితమున కుపక్రమము లేదు, అది యుపసంహారమాత్రము. స్వస్థుఁడు దానిని బ్రీతితోఁ బఠించును, ఏలయన నుపక్రమమును దన యనుభవమునుండి తానే యధ్యాహారము చేసికొనును. వ్యథితుఁ డట్లు చేయలేఁడు.

ఇంకొక విషయము గలదు. రసమును మాత్రమే కాక పఠితయొక్క శక్తిని గూడఁ జూడవలెను. విషాదము వేఱు, శ్రమ వేఱు. శ్రమపడినవానికిఁ గళాపూర్ణోదయము నీయరాదు. పింగళి సూరన యందుఁ గథలోఁ గథను జొప్పించి, మొదటఁ జెప్పినదానికి హేతువును బహుదూరమునఁ దెలుపును. ధారణ తప్పినచో రసమును దప్పును. అట్టివానికిఁ జేమకూర వేంకటకవి విజయవిలాసమందలి యొక్క పద్యము చాలును. ఆ కవి చమత్కారము ప్రతిపద్యమునందును ముగియును గాన, ఒకటి చదివి పుస్తకమును మూసినను నష్టము లేదు. ముక్తకమునకును బ్రబంధమునకును గల భేదము కవికృత్యమునకు మాత్రమే కాక పఠితృశక్తికిని సంబంధించినది. నా రూపసాధన మట్టిదియే: ఒక్కొక్క రూపమును నొక్కొక్క ముక్తకము.

దుఃఖితునకే వరణము గావలెనని తలఁపరాదు. ఉల్లాసముగా నున్నవానిని మన మేమి చదువుచున్నావని యడుగనే యడుగము. వాస్తవముగా భారమైన గ్రంథమును మోయఁగల కాల మదియే. తిక్కన స్త్రీపర్వమును గాంధారీవిలాపముతోఁగూడఁ జదువఁదగినవాఁడు దుఃఖితుఁడు కాఁడు. ఇంట వివాహము జరిగిన నెలలోనున్న గృహస్థుఁడు. ఆతనికిఁ బరదుఃఖమును భరించు బలము గలదు. సంతోషదినములలో సంతోషగ్రంథములనే చదివి గడపువాఁడు, కష్టదినమునకుఁ గావలసిన గ్రంథమును సంపాదించుకొనఁడు. బృహదశ్వుఁడు నలకథను దా నెప్పుడో నేర్చి యుండుటచేతనే యా దినమునఁ జెప్పఁగలిగెను.

ఇష్టములేని గ్రంథమును జదివించుట యెంతవఱకుఁ దగునను ప్రశ్న మిగిలినది. పాణిని కారకప్రకరణమునఁ గర్త కత్యంతము నీప్సితమైనదానికిఁ గర్మసంజ్ఞ చెప్పి, వెంటనే యనీప్సితమైనను నట్లే క్రియతో సంబంధించినదానికిని గర్మసంజ్ఞ చెప్పెను. ఊరికిఁ బోవువాఁడు త్రోవలోఁ జెట్లమొదళ్లను దాఁకుచుఁ బోవును. అవి యాతని కీప్సితములు కావు, అయినను గర్మములే. పఠనమునను నంతే. మనస్సు కోరిన గ్రంథమును గర్మమే. కోరనిది, త్రోవలోఁ దగిలినదియుఁ గర్మమే. మఱియు మనోదశ మనలను జదివించునపు డది ప్రయోజకము మాత్రమే. ప్రయోజకుఁ డున్నంతమాత్రమునఁ బ్రయోజ్యుని కర్తృత్వము పోదు, స్వతంత్రుఁడే కర్త. మనోదశ ప్రేరేపింపవచ్చును; చదువువాఁడు మాత్రము నేనే. ఈ స్వాతంత్ర్యమును యంత్రమునకు వదలుకొనరాదు, గురువునకును బూర్తిగా వదలుకొనరాదు.

దీనికొక యాక్షేపము రావచ్చును. గ్రంథము లన్నియు మందులా? ఊరక యానందమునకుఁ జదువరాదా? చదువవచ్చును. స్వస్థచిత్తునకు వరణనియమము లేదు. ఆతఁడు చేతికి వచ్చినదానిని జదువుఁగాక. నియమము చిత్తము చెదరినవానికే. అట్టివాఁడే యరలయెదుట నిలువఁబడి తన ప్రశ్నను మన నడుగుచున్నాఁడు.

కావున నుపాధ్యాయులకు మూఁడు విన్నపములు. మొదటిది: విద్యార్థి యేమి చదువుదునని యడిగినప్పుడు, నీకేది యిష్టమని కాక, నీ కీనడుమ నేమి జరిగినదని యడుగుఁడు, దుష్యంతునివలె వాఁడు దశకుఁ బేరు చెప్పలేకపోయినను వృత్తాంతమును జెప్పఁగలఁడు. రెండవది: నియతపాఠముతోఁబాటు వారమున కొక గంట వాఁడు కోరిన గ్రంథమునకు విడువుఁడు, వాఁడు కోరినదానినుండియే వాని దశ మనకుఁ దెలియును. మూఁడవది: వాఁడు చదువలేక తెచ్చి యిచ్చిన గ్రంథమును జూచి కోపింపకుఁడు, దానిని మఱల నరలో నుంచుఁడు. మా యింట భర్తృహరి యట్లే యున్నాఁడు. అతని దినము రావలసి యున్నది.

ఈ సిద్ధాంతమునకు విరుద్ధములైన యుదాహరణములు పండితులయొద్ద నున్నచో వానిని బ్రకటించి నన్ను సవరింతురుగాక.